జేజి మంచం పక్కన అమ్మ

అమ్మ పోయాక పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు ఆమె పనిచేసిన ఊళ్ల పేర్లు ఒక్కొక్కటే చెప్పారు. భిలాయి, మస్కట్, లుసాకా. షామియానా కింద కూర్చున్న ఆదోని జనం ఒక్కో పేరుకూ తలలూపారు. వెనక వరుసలో ఒకామె పక్కామెతో, "ఆ కాలంలోనే ఒక్కతే విమానమెక్కి పోయినాదంట సూడు" అనడం నాకు వినిపించింది. పాస్టరుగారు ఈ మధ్యే మా సంఘానికి వచ్చినాయన. అమ్మ గురించి ఆయనకు తెలిసినవన్నీ మా అమ్మాయి స్వాతి చెప్పిన సంగతులే. వాటిలో ఎమ్మిగనూరు లేదు. ఎందుకుంటుంది? ఆదోనిలో బస్సెక్కితే ఒక కునుకు తీసేలోగా వచ్చే ఊరు. అమ్మ అక్కడ ఉన్నది ఏడాదో, ఇంకొంచెమో. కానీ అమ్మను తలుచుకుంటే నాకు మస్కట్ గుర్తుకు రాదు. నేను చూడని ఊరు ఎట్లా గుర్తుకొస్తుంది? ఎమ్మిగనూరులో సాలెవాళ్ల వీధి, ఆ చివరింట్లో కిటికీ పక్కన వేసిన మంచం, ఆ మంచం మీద మా జేజి, జేజి వీపుకు స్పిరిటు రుద్దుతున్న అమ్మ గుర్తుకొస్తారు.

జేజి అంటే మా నాన్నను కన్నతల్లి. నాన్న పేరు నాగన్న. ఆదోనిలో పత్తి మిల్లులో పని. చదువైన కొత్తలో భిలాయిలో పనిచేసి వచ్చిన అమ్మ అదే ఊళ్లో ఆసుపత్రిలో నర్సు. అమ్మవాళ్లది చర్చికి పోయే కుటుంబం, నాన్నవాళ్లది ఉరుకుంద ఈరన్నను కొలిచే కుటుంబం. ఇద్దరూ ఇష్టపడి చేసుకున్నారు. జేజి దానికి పెద్దగా అడ్డు చెప్పలేదట. మా ఇంట్లో గోడకు ఈరన్న పటం, అమ్మ పెట్టెలో బైబిలు, రెండూ ఉండేవి. ఒకరోజు మిల్లులో నాన్న పాదంలో తుప్పు పట్టిన మేకు దిగింది. చిన్న గాయమే గదా అని పసుపు అద్దుకుని పనికి పోయాడు. కొన్నాళ్లకు దవడలు బిగుసుకున్నాయి. ధనుర్వాతం. ఆసుపత్రిలో ఆ రోగిని చీకటి గదిలో పెడతారు. వెలుతురు పడినా, చప్పుడైనా, ఎవరైనా తాకినా ఒళ్లంతా వెనక్కి వంగిపోతుంది. జేజి ఏడ్చుకుంటూ ఆ గది దగ్గరికి పోతే అమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. లోపలికి వదల్లేదు. జేజి కొడుకు ముఖం చూసింది ఆయన ప్రాణం పోయిన తర్వాతే. నాకప్పుడు సరిగ్గా జ్ఞాపకాలు కూడా లేని వయసు. ఆ మరుసటి సంవత్సరం అమ్మ నన్ను జేజికి అప్పగించి మస్కట్ పోయింది.

అందువల్ల నా చిన్నతనమంతా జేజిది. పత్తి మార్కెట్టు వెనక వీధిలో మా ఇల్లు. పత్తి కాలం వచ్చిందంటే గాలిలో దూది తేలుతుండేది. ఆరేసిన బట్టల మీద, పాల గిన్నె మీద, జేజి కొప్పులో కూడా తెల్లగా దూది. జేజి పొద్దున్నే పొయ్యి ముందర కూర్చుని జొన్నరొట్టె తట్టేది. ఆ తట్టే చప్పుడుకే నాకు మెలకువ వచ్చేది. కాలిన జొన్నపిండి వాసన, దంచిన వెల్లుల్లి కారం వాసన, జేజి నడుములో దోపుకున్న ఆకువక్క సంచి వాసన, ఇవన్నీ కలిస్తే నాకు ఇల్లు. శ్రావణం వస్తే వీధిలో ఆడవాళ్లంతా కలిసి బస్సులో ఉరుకుంద పోయేవాళ్లు. జేజి ఒక్క ఏడాదీ మానలేదు. వచ్చేటప్పుడు నాకు బొరుగులు, గాజులు తెచ్చేది.

రెండేళ్లకోసారి అమ్మ వచ్చేది. అమ్మ పెట్టె తెరిస్తే ఇల్లంతా వేరే వాసన, వాసన సబ్బులూ ఏలకులూ ఎండిన నిమ్మకాయలూ కలిసిన వాసన. అమ్మ సన్నగా, తెల్లటి చీరలో ఉండేది. మంచినీళ్లు తాగేముందు కూడా గ్లాసును వెలుతురుకు పట్టి చూసేది. నాకు కొత్తగా ఉండేది. జేజి ఆ నెల రోజులూ అమ్మతో నేరుగా ఒక్క మాట మాట్లాడేది కాదు. ఇద్దరూ ఒకే గదిలో కూర్చున్నా మాట నా ద్వారానే నడిచేది. "సుగుణా, మీ యమ్మ స్నానానికి నీళ్లు కాగినాయని సెప్పు." "సుగుణా, మీ జేజికి ఆ దుప్పటి కప్పుకోమని చెప్పమ్మా." నేను మధ్యలో కూర్చుని, ఇద్దరూ విన్నదాన్నే మళ్లీ చెప్పేదాన్ని. చిన్నపిల్లకు అది ఆటలా ఉండేది. అమ్మ తిరిగి పోయే రోజు జేజి గోడవైపు తిరిగి పడుకునేది. అమ్మ గడపలో నిలబడి, "పోయొస్తానత్తా" అనేది. జవాబు వచ్చేది కాదు. వీధిలో ఆడవాళ్లు అడిగితే మాత్రం జేజి చెప్పేది: "నా కొడుకు సావు బతుకుల్లో ఉంటే నన్ను తలుపు కాడ నిలబెట్టింది. ఊరందరికీ మందులిచ్చే మనిషి. ఆమెతో నాకేం మాటలు?"

నేను తొమ్మిదో తరగతికి వచ్చేసరికి అమ్మ ఇక పోనని వచ్చేసింది. ఎమ్మిగనూరులో ఒక చిన్న ఆసుపత్రిలో ఉద్యోగం దొరికింది. జేజిని రమ్మని నాతో అడిగించింది. "నా ఇల్లు ఇడిసి యాడికీ రానని సెప్పు" అంది జేజి. నా బట్టలు మాత్రం తనే మూట కట్టింది. బస్సు కదిలేటప్పుడు నేను ఏడిస్తే, "ఆదోని ఏమన్నా మస్కట్టా పాపా. ఎప్పుడు కావల్లంటే అప్పుడు రా" అని నవ్వింది. అమ్మ వినాలనే ఆ మాట అందని నాకు అప్పుడే తెలుసు.

ఎమ్మిగనూరు ఇల్లు మగ్గాల మధ్య ఉండేది. తెల్లవారి మొదలైతే పొద్దు గుంకేదాకా అటుపక్కా ఇటుపక్కా మగ్గాల చప్పుడు. మొదట్లో నాకు తలనొప్పి వచ్చేది, తర్వాత ఆ చప్పుడు ఆగితేనే ఉలిక్కిపడి బయటికి చూసేదాన్ని. అమ్మకు అన్నీ పద్ధతి ప్రకారం జరగాలి. నీళ్లు కాచి, చల్లార్చి, గుడ్డ కట్టి పెట్టాలి. పరుపు మీద దుప్పటి నాలుగు మూలలా మడిచి ఎంత గట్టిగా దోపేదంటే, దానిలోకి దూరి పడుకోవడానికి నాకు కష్టంగా ఉండేది. గోళ్లు వారం వారం చూసేది. పొద్దున్నే ఎండిన నిమ్మకాయ వేసి పాలు లేని టీ కాచుకుని, గడపలో నిలబడి నెమ్మదిగా తాగేది. నాకు జేజి రొట్టె కావాలనిపించేది. అమ్మకు రొట్టె తట్టడం రాదు. ఒకసారి ప్రయత్నించి, పెనం మీద ముక్కలైపోయిన రొట్టెను చూసి, "దేశాలన్నీ తిరిగినా ఇది మాత్రం పట్టుబడలేదు" అని నవ్వింది. అమ్మ నవ్వడం నేను సరిగ్గా చూసింది అప్పుడే అనుకుంటాను.

ఆ శ్రావణంలో ఉరుకుందలో బస్సు దిగుతూ జేజి పడిపోయింది. జనం తోపులాటలో మెట్టు తప్పిందట. తుంటి ఎముక విరిగింది. వెంట వచ్చిన ఆడవాళ్లు ఒక జీపు మాట్లాడి ఎమ్మిగనూరుకు తీసుకొచ్చారు. వాళ్లకు తెలిసిన ఆసుపత్రి అమ్మ పనిచేసేదే. నేను బడి నుంచి ఆసుపత్రికి వచ్చేసరికి జేజి బల్ల మీద పడుకుని ఉంది. అమ్మ ఆమె కాలు దగ్గర ఉంది. జేజి నన్ను చూడగానే, "నన్ను ఇంకో ఆసుపత్రికి పట్టకపొమ్మని సెప్పు" అంది. అమ్మ కత్తెరతో జేజి కట్టుకున్న చీర అంచును జాగ్రత్తగా కత్తిరిస్తూ తన పని తాను చేసుకుంటోంది. డాక్టరు కర్నూలుకు పోయి ఆపరేషను చేయించమన్నాడు. జేజి ఒప్పుకోలేదు. కోత వద్దంటే వద్దంది. అయితే కదలకుండా నెలల తరబడి మంచం మీద ఉండాలని, ఈ వయసులో మంచం పట్టినవాళ్లకు ఎముక కన్నా ముందు ఒళ్లు పుండ్లు పడి ప్రాణం మీదికి వస్తుందని డాక్టరు అమ్మను పక్కకు పిలిచి చెప్పాడు. అమ్మ, "మా ఇంటికే తీసకపోతా సార్" అంది.

కిటికీ పక్కన మంచం వేసింది. కాళ్లవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసింది. జేజి కాలికి పట్టీ అంటించి, దానికి తాడు కట్టి, తాడు చివర ఇసుక సంచి వేలాడదీయాలి. తాడు జారడానికి కప్పీ కావాలి. పక్కింటి మునెప్ప మామ మగ్గానికి వాడే కప్పీ ఒకటి తెచ్చి, మంచానికి తనే బిగించి ఇచ్చాడు. "నీ కాలితో చీర నేస్తాం పెద్దమ్మా" అని జేజిని నవ్వించబోయాడు. జేజి నవ్వలేదు. డాక్టరు వచ్చి చూసి, సరిగ్గా ఉందని చెప్పి పోయాడు. అప్పట్నుంచి అమ్మకు ఆసుపత్రిలో పని, ఇంట్లో పని ఒకటే అయిపోయాయి. రెండు మూడు గంటలకోసారి జేజిని కాలు కదలకుండా కొంచెం పైకెత్తి బెడ్‌పాన్ పెట్టడం, వీపు తుడవడం, స్పిరిటు రుద్దడం, పౌడరు చల్లడం, దుప్పటి ముడత లేకుండా లాగడం. తను డ్యూటీలో ఉన్నప్పుడు నేను చేయాలి. నాకు నేర్పింది. ఒంటి మీద ఎక్కడ ఎర్రగా కనిపించినా దాచకుండా చెప్పమంది.

జేజి మాత్రం అమ్మతో మాట్లాడలేదు. ఒంటిని ఇచ్చింది గానీ మాట ఇవ్వలేదు. ముఖం కిటికీవైపు తిప్పుకుని, పళ్లు బిగించి పడుకునేది. కొన్నాళ్లకు తిండి తగ్గించింది. మొదట ఆకలి లేదంది. తర్వాత అరిగేది లేదంది. చివరికి రోజంతా ఒక లోటా మజ్జిగ. పెదవులు పగిలాయి, కళ్లు లోపలికి పోయాయి. నేను భయపడి మునెప్ప మామ ఇంటికి పోయి ఏడ్చాను. అమ్మ అదంతా గమనించింది.

అది ఆదివారం. ఆ పూట అమ్మ చర్చికి పోలేదు. నన్ను పెరట్లో రోలు దగ్గర శెనక్కాయల పచ్చడి నూరమని పంపి, తలుపు దగ్గరికి వేసింది. ఆదివారం కాబట్టి మగ్గాలు లేవని కాదు, సాలెవాళ్లకు ఆదివారమేముంది. కానీ ఆ పూట ఎందుకో పక్కింటి మగ్గం ఆగి ఉంది. లోపలి మాటలన్నీ వినిపించాయి.

"ఎందుకు తినవత్తా?" అంది అమ్మ.

"సుగుణా, ఆకలి లేదని సెప్పు మీ యమ్మకు."

"సుగుణ ఈడ లేదు. నాతోనే సెప్పు."

తర్వాత జేజి గొంతు, ఇన్నేళ్లలో మొదటిసారి అమ్మతోనే అన్న మాట: "కోడలితో ఇట్ల ఎత్తించుకునే బతుకు వచ్చింది నాకు. తింటే గదా అదంతా. తినకుంటే నీకూ పని లేదు, నాకూ సిగ్గు లేదు."

"తినకుంటే పోతావు."

"పోతా. నా కొడుకు కాడికి పోతా. ఈడ వాన్ని ఆఖర్న సూడనీకపోతివి. ఆడన్నా సూస్తా."

గుడ్డ నీళ్లలో ముంచి పిండిన చప్పుడు వినిపించింది. అమ్మ తుడుస్తూనే మాట్లాడింది.

"నిన్ను రానీయొద్దనింది నేను కాదు. ఆయనే."

కప్పీ మీద తాడు కిర్రుమంది.

"పండ్లు బిగుసుకపోయినా తెలివి ఉండె ఆయనకు. వరండాలో ఎవురన్నా చెంబు కింద పెడితే సాలు, ఒళ్లంతా వంగిపోయేది. నీ ఏడుపు ఇనపడింది. పండ్ల సందులోంచే 'అమ్మను రానీయొద్దు. నన్నిట్ల సూస్తే ఆమె బతకదు' అన్యాడు. 'నేను వద్దన్యానని మాత్రం సెప్పొద్దు, నొచ్చుకుంటాది. నువ్వే వద్దన్నట్ల సెప్పు' అన్యాడు. సరే అని మాటిచ్చినా."

"ఇన్నేండ్లు ఎందుకు సెప్పలేదు నాకు?"

"మాటిచ్చినా గదా." మళ్లీ గుడ్డ పిండుతూ, "నా మీద కోపమన్నా ఉంటే నీకు కొంచెం ఊరటగా ఉంటాదనుకున్యా" అంది.

నా చేతిలో గుండ్రాయి ఆగిపోయింది. లోపల జేజి అడిగింది: "నొప్పి శానా ఉండెనా వానికి?"

"ఉండె. నీకు అబద్ధం సెప్పను."

"వాన్ని ఎవురు కడిగినారు?"

"నేనే. ఎవుర్నీ ముట్టనీలేదు. ఆయనకూ నీ మాదిరే సిగ్గు. నేను పెండ్లాన్నని కూడా అనుకోడు, మొగం అట్ల తిప్పుకునేటోడు. ఇదో, నువ్వు తిప్పుకున్నట్లే."

నేను రోలు దగ్గర్నుంచి లేవలేదు. చివరికి జేజి గొంతు మామూలుగా, ఆదోనిలో పొయ్యి ముందర కూర్చుని పిలిచినట్టే వినిపించింది. "ఆ పిల్లను పిలువు. సట్నీ నూరింది గదా. ఏమన్నా పెట్టమను."

నేను పోయేసరికి జేజి ముఖం ఇటువైపు ఉంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అమ్మ బేసిను తీసుకుని పెరట్లోకి పోయి, మళ్లీ లోపలికి రావడానికి చాలాసేపు పట్టింది. జేజి అన్నం రెండు ముద్దలు తిని, మూడో ముద్దకు, "ఉప్పు తక్కువైంది" అంది. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

ఆ రోజు నుంచి వాళ్లిద్దరికీ నా అవసరం తీరిపోయింది. మొదట్లో మాటలు కొంచెమే ఉండేవి. నీళ్లు, నొప్పి, ఎండ. తర్వాత వీపు రుద్దేటప్పుడు జేజి కథలు అడగడం మొదలుపెట్టింది. మస్కట్‌లో వానలు పడతాయా, అక్కడి ఆడవాళ్లు కాన్పుకు పుట్టింటికి పోతారా, వాళ్లూ అత్తలతో కొట్లాడతారా. అమ్మ చెప్పేది. కొండల నడుమ ఊళ్లలో సన్నటి కాలవల్లో నీళ్లు పారిస్తారని, ఆ నీళ్లను ఇంటింటికీ గంటల లెక్కన పంచుకుంటారని, కాన్పుకు వచ్చినామె వెంట పదిమంది ఆడవాళ్లు కాఫీ కూజాలతో వచ్చి వరండాలో కూర్చుంటారని, భాష రాని మొదటి నెలల్లో తను వాళ్ల చేతులు పట్టుకునే పని నడిపిందని. "ఆడ నీకు దిగులయ్యేది లేదా?" అని జేజి అడిగింది. "అయ్యేది. పిల్ల ఏం తినిందో అనుకునేదాన్ని. మళ్ల నీ కాడ ఉండాది గదా అనుకునేదాన్ని" అంది. నేను పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్నాను. ఆ మాట నాకోసం అన్నది కాదు. అందుకే నమ్మాను. అప్పటిదాకా అమ్మ నన్ను వదిలి పోయిందని అనుకునేదాన్ని. వదిలిపెట్టడానికీ ఒకరి చేతిలో పెట్టి పోవడానికీ తేడా ఉందని అప్పుడు తెలిసింది.

క్రిస్మస్ నాటికి జేజి కాళ్లు కిందికి వేసి కూర్చుంది. ఒంటి మీద ఒక్క పుండు లేదు. డాక్టరు చూసి ఆశ్చర్యపోయాడు. ఉగాదికి కర్ర పట్టుకుని వీధి అరుగు దాకా వచ్చింది. ఒక కాలు కొంచెం పొట్టిదైంది, చివరిదాకా కుంటుతూనే నడిచింది. అరుగు మీద కూర్చుని మునెప్ప మామ మగ్గానికి సలహాలు ఇచ్చేది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని రొట్టె తట్టడం నేర్పించాలని చూసింది. అది మాత్రం కుదరలేదు.

ఆ ఎండాకాలంలో అమ్మకు మళ్లీ బయటినుంచి పిలుపు వచ్చింది, ఈసారి ఆఫ్రికాలోని లుసాకా నుంచి. చిన్న ఆసుపత్రి జీతంతో నన్ను కాలేజీలో చదివించలేనని అమ్మకు తెలుసు. కానీ పోతానని చెప్పడానికి నోరు రాలేదు. కనిపెట్టింది జేజే. "పో. పిల్ల నా కాడ ఉంటాది. ఇప్పుడు కుంటిదాన్ని గదా, యాడికీ పారిపోను" అంది. అమ్మ పోయే రోజు జేజి ఎవరు చెప్పినా వినకుండా కర్రతో బస్టాండు దాకా నడిచింది. మధ్యలో రెండు మూడు చోట్ల ఎవరి అరుగు మీదో కూర్చుంది. బస్సు కిటికీలోంచి అమ్మ చేయి పట్టుకుని, "యాళకు తిను. ఒంటరిగా ఉంటే సుస్తీ చేసినా సెప్పుకునేకి ఎవురూ ఉండరు" అంది. బస్సు కదిలాక అమ్మ కాదు, జేజి ఏడ్చింది.

తర్వాతి సంగతులు నెమ్మదిగానే నడిచాయి. జేజీ నేనూ తిరిగి ఆదోని వచ్చేశాం. నేను టీచరునయ్యాను, ఆదోనిలోనే పెళ్లయింది. లుసాకాలో మొక్కజొన్న సంగటి తింటారని అమ్మ సెలవులో వచ్చి చెబితే, "మన మాదిరి మనుషులే అయితే" అని జేజి తృప్తిపడింది. జేజి పోయినప్పుడు అమ్మ పక్కనే ఉంది, అది మా అదృష్టం. స్వాతి పుట్టాక అమ్మ పూర్తిగా వచ్చేసింది. మనవరాలికి నీళ్లు పోసింది, జ్వరమొస్తే పక్కన కూర్చుంది, అరబ్బీలో అంకెలు నేర్పింది. స్వాతి బడిలో అందరికీ "మా మస్కట్ అవ్వ" అని చెప్పుకునేది. నాతో ఆడని ఆటలన్నీ అమ్మ దానితో ఆడింది. చూస్తూ కూర్చోవడం నాకు బాగుండేది.

ఇప్పుడు మా వీధిలోనే నర్సింగు చదివే ఆడపిల్లలు చాలామంది. రియాదుకు, లండనుకు పోతున్నారు. తల్లులు గొప్పగా చెప్పుకుంటారు. ఎవరూ గోడవైపు తిరిగి పడుకోరు. పొద్దున వీడియోలో పిల్ల ముఖం చూసి, ఏం వండిందో అడిగి, తమ పని చూసుకుంటారు. అమ్మ మంచం పట్టినప్పుడు మేము గాలి పరుపు తెచ్చాం. దానికొక మోటారు, అదే నింపుకుంటుంది, అదే వదులుతుంది. పగలు చూసుకోవడానికి ఒక అమ్మాయిని పెట్టుకున్నాం. చేతికి గ్లవ్స్ వేసుకుని శుభ్రంగా చేసేది, మంచి పిల్ల. ఇవన్నీ ఆనాడు ఉంటే జేజి, అమ్మ ఇద్దరూ అంత కష్టపడేవాళ్లు కాదు. ఇది మంచి కాలమే. అయినా ఆ ఇద్దరికీ ఆ నెలలన్నీ ఒకే గదిలో, ఒకరి చేతిలో ఒకరు ఉండాల్సి రాకపోయి ఉంటే ఆ మాట బయటపడేదా అని నాకు అనిపిస్తుంది. జేజి ఆ కోపంతోనే పోయేది. అమ్మ ఆ మాటను మోసుకునే పోయేది.

చివరి రోజుల్లో అమ్మకు జ్ఞాపకం తప్పింది. రోజూ పొద్దున ఏదో ఊళ్లో లేచేది. ఒకరోజు భిలాయి, ఒకరోజు మస్కట్. వార్డులో ఎంతమంది ఉన్నారని అడిగేది. నేను తోచిన జవాబు చెప్పేదాన్ని. పోవడానికి కొన్ని రోజుల ముందు, ఎండ కిటికీలోంచి పడుతుంటే కళ్లు తెరిచి, చాలాసేపు గది చుట్టూ చూసింది.

"ఇది ఏ ఊరు?" అంది.

"ఆదోని అమ్మా."

"ఈడికెప్పుడు వచ్చినా?"

"శానా రోజులైంది."

"మంచి ఊరేనా?"

"మంచి ఊరే."

"అయితే ఈడనే ఉందాంలే" అంది. చెయ్యి చెంప కింద పెట్టుకుని, ఎండవైపు తిరిగి పడుకుంది.